నాలుకకు అంటుకున్న ఎముక

లచ్చన్న ఫోన్ చేసేసరికి నేను మజ్జిగన్నం కలుపుకుంటున్నాను. లచ్చన్నది జగిత్యాల వైపు పల్లె. సౌదీలో మా కంపెనీ క్యాంపులో ప్లంబరుగా ఉండేవాడు.

"సారూ, బొక్కల మామ పోయిండు. పొద్దుగాల. ఊపిరి అందలే."

"ఆసుపత్రికి తీసుకెళ్ళలేదా?"

"తీస్కపోయినం. ఛాతి ఫోటో జూసి డాక్టరే అడిగిండు, ఈయన రాళ్ళు గొడుతుండెనా అని."

రాళ్ళే కొట్టాడు. వడ్డెర ఇంట పుట్టి, పలక పట్టాల్సిన వయసులో సుత్తి పట్టి, తల నెరిశాక కూడా సుత్తి మూట కట్టుకుని ఎడారికి వచ్చి కొట్టాడు. అంతకు మించి ఆయన జీవితచరిత్ర నాకు తెలియదు. పుట్టిన తేదీ ఆయనకే తెలియదు. పాస్‌పోర్టులో జనవరి ఒకటి అని ఉండేది. మా క్యాంపులో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు. పేరు మాత్రం తెలుసు. రాయడం లేదు. "నా పేరు యాడ రాయకు సార్. రాసినప్పుడల్ల ఇరికిన" అని ఆయనే ఒకనాడు నాతో అన్నాడు. వాళ్ళ వైపు ఎముకను బొక్క అంటారు. ఎముకలు ఏరేవాడు కనుక క్యాంపంతా బొక్కల మామ అనేది. ప్రస్తుతానికి ఆ పేరు చాలు.

మా క్యాంపు సౌదీ ఉత్తరాన, ఎర్ర సముద్రానికి గంట ప్రయాణంలో, ఒక క్వారీ పక్కన ఉండేది. నేను క్వారీ ల్యాబులో ఇంజనీరును. కంకర గట్టిదో కాదో పరీక్షించి సంతకం పెట్టడం నా పని. యంత్రం పట్టని చోట బండను చేత్తో చీల్చడం మామ పని. బండ మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి, కళ్ళు మూసుకుని, ఎడమ చెవి దాని వైపు వంచి వినేవాడు. "లోపట పగులున్నది" అంటే పగులు ఉండేది. నా యంత్రం అరగంట తర్వాత అదే చెప్పేది.

ఆ రోజుల్లో ప్రభుత్వం కంపెనీలకు రంగులు వేసేది. ఎంతమంది స్వదేశీయులకు ఉద్యోగమిచ్చారు అన్నదాన్ని బట్టి పచ్చ, పసుపు, ఎరుపు. దాన్ని నితాఖత్ అంటారు. మాది పసుపు మీదుగా ఎరుపులోకి జారింది. ఎర్ర కంపెనీకి తన పనివాళ్ళ ఇకామాలు, అంటే నివాసపు కార్డులు, రెన్యువల్ చేసే హక్కు ఉండదు. దాని మీద తలకింత అని లెవీ వచ్చి పడింది. కంపెనీ చేతిలో మిగిలిన ఒకే ఒక్క పని మక్కాలో హోటలు కట్టడం. మక్కాలోకి ముస్లింలు తప్ప ఎవరూ పోకూడదు. వాళ్ళను బస్సెక్కించి తీసుకుపోయారు. మిగిలిన పనివాళ్ళు పద్నాలుగు మంది, అందరూ ఉత్తర తెలంగాణ హిందువులు. నా ఇకామాకు ఇంకా గడువుంది కనుక, మూతపడ్డ క్వారీ ల్యాబు లెక్కలు అప్పజెప్పడానికి నన్నూ ఉంచారు. మనిషి ఏ ఊళ్ళో ఇటుక పేర్చాలో అతని దేవుడు నిర్ణయించడమేమిటని మండిపడి ఆ వారమే ఒక వ్యాసం రాసి మన ఊరి పత్రికకు పంపాను. మామ విని, "మా ఊళ్ళె గుడికి రాయి కొట్టింది మేమే సార్. లోపటికి రానిచ్చిన్రా?" అన్నాడు. వ్యాసంలో లేని వాక్యం అదొక్కటే, ఉండాల్సిన వాక్యమూ అదే.

తలలు తగ్గితే లెవీ తగ్గుతుంది. అందుకని కంపెనీ కొందరి మీద హురూబ్ పెట్టింది. పనివాడు పారిపోయాడని యజమాని ప్రభుత్వానికిచ్చే ఫిర్యాదు పేరు హురూబ్. అది పడ్డవాడు వేరే కంపెనీకి మారలేడు, దేశం దాటలేడు, దొరికితే జైలు. మామ పేరు ఆ జాబితాలో ఉంది. కంపెనీ క్యాంపులో, కంపెనీ మంచం మీద, కంపెనీ దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషి కంపెనీ నుంచి పారిపోయాడని కంప్యూటర్లో రాసి ఉంది.

"సార్, నేను యాడికి పారిపోయిన్నో జర కనుక్కో" అన్నాడు ఆ రోజు. "నేను గూడ ఆడికే పోత."

క్యాంపు గేటు నుంచి నాలుగు కిలోమీటర్లలో పోలీసు చెక్‌పోస్టు. ఇంకోవైపు క్వారీ గోడ. కార్డు లేనివాడి లోకం ఆ మధ్యదే. కొందరు రోజంతా ఫోన్లు చూస్తూ పడుకునేవాళ్ళు. కొందరు పోట్లాడుకునేవాళ్ళు. మామ మాత్రం పొద్దున్నే భుజాన తువ్వాలు వేసుకుని, పని ఉన్నవాడిలాగే, మూసేసిన క్వారీలోకి నడిచిపోయేవాడు.

ఏం చేస్తున్నాడో చూద్దామని ఒకనాడు వెంట వెళ్ళాను. పాత తవ్వకం అడుగున ఇసుకరాతి పొర ముందు గొంతుకూర్చుని, ఒక్కో రాతిముక్కా తీసి, తువ్వాలుతో తుడిచి, నాలుక చాపి నాకుతున్నాడు. కొన్నింటిని విసిరేస్తున్నాడు. కొన్నింటిని బియ్యం సంచిలో వేస్తున్నాడు.

"ఏమయ్యా, ఇదేం పని?"

"బొక్కలు ఏరుతున్న సార్. పాత బొక్క అయితె నాలికెకు అంటుకుంటది. రాయి అంటుకోదు. బాయిలు తవ్వేటప్పుడు మా అయ్య జెప్పిండు."

"మీ అయ్య చెబితే సరిపోయిందా? ఆధారం ఏది?"

ఆ మాట నాకు ఊతపదం. యువకుడిగా ఉన్నప్పుడు గుంటూరు జిల్లాలో ప్రతి ఊళ్ళోనూ మైకు ముందు నిలబడి పురోహితులనూ స్వాములనూ అడిగిన ప్రశ్న. మామ నా వైపు చూసి నాలుక బయటపెట్టాడు. దాని మీద వేలెడు రాతిముక్క వేలాడుతూ ఉంది. దాన్ని తీసి చేతిలో పెట్టుకుని అన్నాడు: "ఆధారం నోట్లున్నది సార్."

నేను నవ్వేసి వచ్చేశాను.

మామ చేతికి ఒక బొమ్మల పుస్తకం మా ఇంటి నుంచే వెళ్ళింది. కుటుంబాల మీద కూడా లెవీ వేశాక నా భార్యనూ కూతురినీ ఊరికి పంపేశాను. ఇంట్లో సామాను క్యాంపుకిచ్చాను. అందులో మా అమ్మాయి రాక్షసబల్లుల పుస్తకం ఒకటి. మామకు ఇంగ్లీషు రాదు, తెలుగే అంతంత మాత్రం. కానీ ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. రెండు కాళ్ళ మీద నిలబడి ఆకులు మేస్తున్న జంతువు. తల మీద జానెడు మందాన గుండ్రటి ఎముక, బోర్లించిన గిన్నెలాగా.

పదిరోజుల తర్వాత క్వారీ గోడలోంచి సరిగ్గా అలాంటిదే ఊడదీసి నా ల్యాబుకు మోసుకొచ్చాడు. మూడు చేతివెడల్పుల గుండు. ఒకవైపు నున్నగా, మరోవైపు విరిగి ఉంది.

"దొరికింది సార్. తలకాయ. గిదే గుండుబల్లి."

"ఇది గుండ్రాయి. ఇలాంటివి ఇసుకరాతిలో కోకొల్లలు."

"నాకి జూడు."

"నేను రాళ్ళు నాకను. సరే, నీ పుస్తకమే చూద్దాం. ఏమని రాసుంది? ఈ జంతువు ఉత్తర అమెరికాలో ఉండేదట. ఇక్కడికి ఎలా వచ్చింది?"

"నేనెట్లొచ్చిన సార్? ఎవడో ఏజెంటు తెచ్చుంటడు."

ల్యాబులో ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆయన నవ్వలేదు. గుండు మీద అరచెయ్యి పెట్టి నిమురుతూ, "గంత మందం తలకాయ వెట్టుకోని గూడ రాయిల ఇరికింది సూడు. మనదెంత?" అని మోసుకుని వెళ్ళిపోయాడు. దాన్ని ఒక్కసారైనా లెన్సు కింద పెట్టి చూడాలని నాకు తోచలేదు. చూడకుండానే తెలుసనేవాళ్ళతోనే జీవితమంతా పోట్లాడాను. వాళ్ళలో ఒకడిని అద్దంలో గుర్తుపట్టలేదు.

నా అసలు అవమానం నెలరోజుల తర్వాత జరిగింది. క్యాంపులో మామ గదికి వెళ్తే మంచం పక్కన పెట్టె మీద ఆ గుండు నిలబెట్టి ఉంది. దాని మీద మూడు వేళ్ళ విభూతి, మధ్యలో కుంకుమ బొట్టు. ముందర రెండు ఖర్జూరాలు. గదిలో ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు.

నాకు ఒళ్ళు మండింది. మండడమే నా వృత్తి. నిలబడ్డ చోటే మొదలుపెట్టాను. దిక్కులేని మనిషి రాయిని చూస్తే దేవుడంటాడని, ఆ దేవుడు కంపెనీ రంగు మార్చగలడా అని, హురూబ్ తీయగలడా అని, ఈ దేశంలో ఎవరైనా చూస్తే ఉన్న కష్టానికి తోడు ఇంకో కేసు అని. పావుగంట మాట్లాడాను. చివర్లో మామ వైపు తిరిగి, "నువ్వు ఎముక అన్నప్పుడు పోనీలే, కనీసం ఆలోచిస్తున్నాడు అనుకున్నాను. చివరికి ఇదా? మొక్కుతావా దీనికి?" అన్నాను.

మామ తలొంచుకుని విన్నాడు. అంతా అయ్యాక లేచి, భుజం మీది తువ్వాలు తడిపి, విభూతీ కుంకుమా శుభ్రంగా తుడిచాడు. ఆ తుడవడంలో కొత్తదనమేమీ లేదు. రోజూ చేసే పనిలాగా తుడిచాడు.

"సార్, నేను మొక్కలే" అన్నాడు మెల్లగా. "నేను నాకిన. మొక్కెటోళ్ళు వీళ్ళు. పొద్దుగాల వీళ్ళు బొట్టు వెడ్తరు, పొద్దుమూకి నేను తుడుస్త. నెలరోజుల సంది గిదే నా నౌకరి."

లచ్చన్న గోడవైపు చూస్తూ అన్నాడు: "అవు సార్. ఆయినె రోజు తిడ్తడు. బొక్కను దేవుడంటరేందిర, దున్నపోతుల్లార అని."

ఒకరు కిసుక్కుమన్నారు. మామ గుండును ఎత్తి నా చేతుల్లో పెట్టాడు. "మంచి మాటలే జెప్పినవు సార్, అన్ని. ఇగ ఒక్కపారి నాకి జూడు."

నేను దాన్ని ల్యాబుకు తీసుకెళ్ళి తలుపు వేసుకున్నాను. విరిగిన వైపు కడిగి లెన్సు కింద పెట్టాను. తేనెపట్టులాగా సన్నని గదులు, గదుల మధ్య పల్చటి గోడలు. అలాంటిది నేను మాంసం కొట్టులో తప్ప ఎక్కడా చూడలేదు. చాలాసేపు అలాగే కూర్చుని, చివరికి ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని నాలుక ఆనించాను. అంటుకుంది. లాగితే చిన్న చప్పుడు చేసి వదిలింది. సుద్ద రుచి. ఆ రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి ఆయన్ని మామా అని పిలిచాను.

ఆ వారమే ఫోటోలు తీసి, ఒక పరిశోధనా సంస్థలో పనిచేసే సౌదీ భూగర్భ శాస్త్రవేత్తకు పంపాను. క్వారీ సర్వేకి వచ్చినప్పుడు పరిచయమైన యువకుడు. జవాబు వెంటనే రాలేదు. ఈలోపు క్షమాభిక్ష ప్రకటించారు: హురూబ్ పడ్డవాళ్ళు ఫలానా తేదీలోపు పాస్‌పోర్టు ఆఫీసుకు వచ్చి వేలిముద్రలు ఇస్తే జైలు లేకుండా ఇంటికి పోవచ్చు. కంపెనీ బీరువాలో ఉన్న పాస్‌పోర్టు అడిగి తెచ్చి, మామను నేనే కారులో తీసుకెళ్ళాను. మూడేళ్ళ తర్వాత ఆ చెక్‌పోస్టు దాటాడు. దాటాక వెనక్కి తిరిగి ఒకసారి చూశాడు, అంతే.

యంత్రం మీద వేళ్ళు పెట్టాడు. ఎర్ర దీపం. తుడిచి పెట్టాడు. ఎర్ర దీపం. పది వేళ్ళలో ఒక్క వేలి గీతలూ యంత్రానికి కనబడలేదు. ఉంటే కదా. నలభై ఏళ్ళు బండ రాచి రాచి వేళ్ళ కొసలు గాజులాగా నునుపయ్యాయి. కౌంటరు వెనక ఆఫీసరు కంపెనీ పేరు కాదు, యజమాని పేరు కాదు, వేళ్ళే అడుగుతున్నాడు. అవి లేవు. గడువుకు ఇరవై రెండు రోజులున్నాయి, ఈలోపు రాయి ముట్టకుండా ఉంటే చర్మం తేరుకుని గీతలు పైకి రావచ్చు, చివరి వారంలో రమ్మన్నాడు. అప్పటికీ రాకపోతే? ఆఫీసరు భుజాలెగరేసి తర్వాతివాడిని పిలిచాడు.

కారులో మామ తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. "అన్ని కాయితాలు వాళ్ళే ఆపిన్రనుకున్న. ఆఖరుకు నా చేతులే ఆపినయి" అన్నాడు.

క్యాంపులో ఆయన చేతులు అందరి బాధ్యత అయ్యాయి. కొబ్బరినూనెలో ముంచిన పాత బనీను గుడ్డ చుట్టి, మీద ప్లాస్టిక్ సంచులు కట్టారు. లచ్చన్న ముద్దలు కలిపి నోట్లో పెట్టేవాడు. "నీ పెండ్లినాడు గూడ గింత మర్యాద జరగలేదు గదా మామ" అని ఏడిపించేవాడు. మామ క్వారీకి పోవడం మానేశాడు. పొద్దున లేచి, గేటు దాకా నడిచి, సంచులు కట్టిన చేతులతో నిలబడి క్వారీ వైపు చూసి, వెనక్కి వచ్చేవాడు. ఖైదు ఎలా ఉంటుందో ఆ పదిహేను రోజుల్లో చూశాను. చెక్‌పోస్టు మూడేళ్ళు చేయలేని పని ఆ రెండు ప్లాస్టిక్ సంచులు చేశాయి.

పదహారో రోజు శుక్రవారం, శాస్త్రవేత్త జీపులో దిగాడు. గుండును చేతిలోకి తీసుకుని, తిప్పి, విరిగిన వైపు చూసి, మా ఇద్దరి ముందే నాలుకకు ఆనించాడు. మామ మోచేత్తో నన్ను పొడిచాడు.

"ఎముకే" అన్నాడు శాస్త్రవేత్త. "కానీ తల కాదు. తొడ ఎముక పైకొన. తుంటి గుంటలో తిరిగే గుండు. పొడవాటి మెడ ఉండే పెద్ద జంతువుది, ఇదీ ఆకులు తినేదే. మీ పుస్తకంలోని గుండుతల జంతువు ఈ నేలలో ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు."

నేను తెలుగులో చెప్పాను. చెబుతూ భయపడ్డాను. ఇన్నాళ్ళుగా ఆ మనిషికి ఉన్నది ఆ తలకాయ ఒక్కటే. మామ గుండును ఎగాదిగా చూశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"అవు. తొడనే" అన్నాడు. "మేక తొడ గుండు ఎన్నిసార్లు జూసిన, ఎన్నిసార్లు తిన్న. గింత సోయి లేకపాయె. తలకాయ అనుకున్న కాబట్టి తలకాయ లెక్కనే కనవడ్డది."

అని నవ్వాడు, హాయిగా. నేను వందల సభల్లో మాట్లాడాను. ఆధారం చూపిస్తే అభిప్రాయం మార్చుకుంటామని గొంతు చించుకున్నవాళ్ళం మా హేతువాద సంఘంలో చాలామందిమి ఉన్నాం. మార్చుకుని నవ్వినవాడిని మాత్రం ఆ క్యాంపులోనే చూశాను.

"తొడ ఇక్కడుంటే మిగిలిన కాలు గోడలుంటది" అన్నాడు వెంటనే. "సారుకు జెప్పు. నాకు తెలుసు యాడున్నదో."

చిక్కు ఏమిటంటే, క్వారీని వేరే కాంట్రాక్టరుకు అమ్మేశారు. ఆదివారం పొద్దున అక్కడే మందు పెట్టి పేలుస్తారు. శాస్త్రవేత్త తన బృందాన్ని పిలిచే వ్యవధి లేదు. జీపులో ప్లాస్టర్ బస్తాలు, గోనె పీలికలు ఉన్నాయి. ఎముక చుట్టూ రాయి తొలిచి, తడి ప్లాస్టర్ పీలికలు చుట్టి, గట్టిపడ్డాక ఎత్తాలి. చేయగలిగినవాడి చేతులకు సంచులు కట్టి ఉన్నాయి. అందుకని నేనూ శాస్త్రవేత్తా ఉలులు పట్టుకున్నాం. మామ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని పక్కన బండ మీద కూర్చున్నాడు. శాస్త్రవేత్త ఫోటోలు తీసినప్పుడల్లా లేచి పక్కకు పోయేవాడు. హురూబ్ మనిషి బొమ్మలో పడకూడదని.

"ఉలి పండవెట్టు సార్. ఇంక పండవెట్టు. తలుపుకు మొల గొడ్తున్నవా?"

"నువ్వు చెప్పినట్టే కొడుతున్నాను మామా."

"జెప్పినట్టు గొడ్తలేవు. సదివినట్టు గొడ్తున్నవు."

మధ్యాహ్నానికి రెండు మూరల ఎముక బయటపడింది. పైనుంచి ప్లాస్టర్ చుట్టుకుంటూ వచ్చాం. అడుగున ఇంకా చుట్టలేదు. నేను ఒక చీలిక తీయబోయి ఒక్క దెబ్బ గట్టిగా వేశాను. మామ "ఆగు" అనడం వినబడింది. దానికి ముందే లోపల ఎక్కడో చిటుక్కుమంది. ఎముక అడుగుభాగం గోడ నుంచి విడిపోయి జారడం మొదలుపెట్టింది.

ఆయన ఎప్పుడు లేచాడో, సంచులు ఎప్పుడు పీకేశాడో నేను చూడలేదు. చూసేసరికి మోకాళ్ళ మీద ఉన్నాడు, పది వేళ్ళతో ఆ బరువును కింది నుంచి పట్టుకుని. గరుకు రాయి వేళ్ళ మీదుగా బెత్తెడు జారి ఆగింది. నూనెలో నెత్తురు కలిసి మణికట్టు దాకా కారింది.

"వదిలెయ్ మామా. నీ వేళ్ళు."

"వదిలితె పొడి అయితది. సున్నం వెయ్యుండ్రి."

ఆయన వేళ్ళను కొద్దికొద్దిగా జరుపుతూ, ఆ సందుల్లో తడి ప్లాస్టర్ పీలికలు దూర్చాం. చివరికి వేళ్ళు ప్లాస్టర్ మీద ఆనాయి. అది గట్టిపడేదాకా కదలకూడదు. అరగంట పట్టింది. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుంది. ఆ మనిషి కదల్లేదు. గోడకు చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, బండను వినేటప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. ఒక్కసారి మాత్రం అడిగాడు: "ఇంక ఆరు రోజులున్నయి గద సార్ గడువు?" ఉన్నాయన్నాను.

చేతులు తీసినప్పుడు తెల్లటి ప్లాస్టర్‌లో పది గుంటలు మిగిలాయి. పొద్దు వాలుతోంది. శాస్త్రవేత్త వాటిని పూడ్చే తీరిక లేక అలాగే జీపులోకి ఎక్కించమన్నాడు.

తర్వాత చీటీ రాయాలి. చోటు, తేదీ, కనుగొన్న వ్యక్తి పేరు, ఇకామా నంబరు. శాస్త్రవేత్త కలం నాకిచ్చాడు. నేను మామ పేరు మొదటి అక్షరం రాయబోతుంటే ఆయన నెత్తురు చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు.

"నా పేరొద్దు సార్. సర్కారు కాయితం మీద నా పేరు వడ్డదంటె మల్ల యాడ ఇరుకుతనో. ముద్రలు గూడ గాలేదింక. మీ పేరు రాయుండ్రి. మీకు ఇకామా ఉన్నది."

వాదించాను. అయినా ఆయన భయానికి ఆధారం ఉంది. నా పేరు రాశాను. నా అక్షరాలతోనే.

గడువు చివరి రోజు ఆఫీసులో అదే యంత్రం. ఎడమ చేతి మూడు వేళ్ళకు పచ్చ దీపం వెలిగింది. కుడిచేతిలో బొటనవేలు ఒక్కటే వెలిగింది. మిగతావి ఎరుపు. ఆ రోజు కూర్చున్న ఆఫీసరు ముసలాయన. మామ చేతులు పట్టుకుని వెలుతురులోకి తిప్పి, ఏం పని అని అడిగాడు. "హజర్" అన్నాడు మామ. రాయి. ముసలాయన తల ఊపి, వచ్చిన నాలుగు ముద్రలతోనే కాగితం మీద స్టాంపు వేశాడు. విమానాశ్రయంలో మామ సంచి బరువు తూచేవాడికి నవ్వొచ్చింది. అందులో రెండు జతల బట్టలు, ఒక సుత్తి. ఒక చిన్న ఎముక ముక్క ఇంటామెకు చూపించడానికి తీసుకుపోవాలని ఉండింది. అది నేరమని చెబితే నా అరచేతిలో పెట్టేశాడు. "ఇచ్చెయ్యి సార్, తొడ దగ్గర్నే ఉండని."

ఆ తర్వాత ఏటా రెండు మూడుసార్లు ఫోన్ చేసేవాడు. యోగక్షేమాల కంటే ముందు, "మన తొడ ఎట్లున్నది సార్?" అనేవాడు. బాగుంది అనేవాడిని. అసలు సంగతి చెప్పలేదు. నేను ఊరికి తిరిగొచ్చాక మా సంఘం సభలో నన్ను పరిచయం చేసినాయన, ఎడారిలో రాక్షసబల్లి ఎముకను కనుగొన్న హేతువాది అన్నాడు. చప్పట్లు కొట్టారు. లేచి కాదనడానికి నాకు అవకాశం ఉంది, మైకు కూడా చేతిలోనే ఉంది. మూఢనమ్మకాల మీద గంటసేపు మాట్లాడి కూర్చున్నాను.

లచ్చన్న ఫోన్ చేసిన మూడో రోజు మామ భార్యతో మాట్లాడాను. ఆ చీటీ సంగతి చెప్పాను. ఆయన పేరు రాయించమంటారా, వద్దన్నాడు కదా అని అడిగాను.

"ఇప్పుడు రాయుండ్రి సార్" అంది. "ఇప్పుడెవలు పట్టుకపోతరు."

శాస్త్రవేత్తకు ఉత్తరం రాశాను. మర్యాదగా జవాబిచ్చాడు. ఆ ఎముక ప్లాస్టర్ ఇంకా విప్పలేదట, వంతు రాలేదట. పేరు మార్చడానికి తనకు అభ్యంతరం లేదు, కానీ చీటీ నా చేతిరాతలో నా పేరుతో ఉంది. ఫోటోల్లో రెండో మనిషి ఎక్కడా లేడు. కనుగొన్నది అతనేనని సంస్థకు చూపడానికి ఆధారం ఏదైనా ఉందా అని అడిగాడు.

నిన్న జవాబు పంపాను. ఆయన పేరు ముందు ఆ చీటీ మీద పడాలి, తర్వాతే ఇక్కడ రాస్తాను. ప్లాస్టర్ విప్పేముందు దాన్ని బోర్లించి అడుగున చూడమని రాశాను. పది వేళ్ళ గుంటలు ఉంటాయి. ఒకదాంట్లోనూ గీతలు ఉండవు.